గుంటూరు నుంచే లోక్‌సభకి అర్జీ పెట్టడం ఎలా

ఢిల్లీలో ఉన్నదంతా తలా కాస్త రాష్ట్రాలకి పంచాలి, ఎంపీలు ఇంటినుంచే పనిచేయాలి అని బ్రాడీపేట టీ కొట్టు దగ్గర రోజూ వాదించుకుంటాం కదా, ఆ మాటే అర్జీ రాసి లోక్‌సభకి పంపొచ్చు. రైలెక్కక్కర్లేదు.

ముందు ఏం అడగాలో తేల్చుకోండి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. "ఎంపీలు ఇంటినుంచి ఓటేయాలి" అన్నారనుకోండి, రాజ్యాంగం 100వ అధికరణం అడ్డొస్తుంది. సభలో హాజరై ఓటేసినవాళ్ల మెజారిటీయే లెక్క అని అందులో ఉంది, కోరం (సభ నడవడానికి హాజరు కావాల్సిన కనీసం మంది) కూడా పదో వంతు, అంటే 543 మందికి 55 మంది. 2020లో కోవిడ్ టైంలో బ్రిటన్ కామన్స్ సభ కొన్నాళ్లు ఆన్‌లైన్లో ఓట్లు వేయించింది నిజమే, కానీ వాళ్లకి మనలా ఒక్కచోట రాసిపెట్టుకున్న రాజ్యాంగం లేదు. నన్నడిగితే ఓటు అక్కడే వేసుకోనివ్వండి, మన గోడు వినడానికి మాత్రం ఇటు రావాలి.

అందుకే స్థాయీ సంఘాల (ఒక్కో శాఖ పనిని పరిశీలించే ఎంపీల కమిటీల) మీద పడండి. అవి పార్లమెంటు ఆవరణలో కూర్చోవాలన్నది సభ పెట్టుకున్న నియమమే, బయట కూర్చోవాలంటే స్పీకర్ ఒప్పుకుంటే చాలు. కాబట్టి "రైల్వే స్థాయీ సంఘం విజయవాడలో కూర్చుని జనం మాట వినాలి, లేదా ఇక్కడివాళ్లని వీడియోలో వినాలి" అని సూటిగా అడగండి. మురుగు కాలవలూ మంచినీళ్లూ ఇందులో కలపొద్దు. అసెంబ్లీలో తేలాల్సినవీ, కోర్టులో ఉన్నవీ లోక్‌సభ తీసుకోదు.

రాయడం తెలుగులోనే రాయొచ్చు, కానీ హిందీ లేదా ఇంగ్లిష్ అనువాదం జతచేసి దాని మీద కూడా సంతకం పెట్టాలి. కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి రాసినట్టు అధికారి పేరుతో మొదలెట్టకండి, ఇది లోక్‌సభనే ఉద్దేశించి రాయాలి. చివర్లో మీరు కోరేది స్పష్టంగా ఉండాలి. సంతకం పెట్టే ప్రతి ఒక్కరి పూర్తి పేరు, అడ్రసు తప్పనిసరి. పేపర్ కటింగులు, వేరే ఉత్తరాలు జతచేయకూడదు (నేను మొదటిసారి రాసినప్పుడు ఫైలంత కట్ట కుట్టుకెళ్లాను, అదంతా విప్పి పక్కన పెట్టాల్సొచ్చింది).

తర్వాత ఎంపీ. ఆయన సభలో సమర్పించాలంటే అర్జీ మీద ఆయన సంతకం కూడా ఉండాలి. సమావేశాలు జరిగే వారాల్లో ఆయన ఊళ్లో దొరకడం కష్టం, అవి లేనప్పుడు ముందుగా పీఏకి ఫోన్ చేసి వెళ్లండి, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లని వెంటబెట్టుకెళ్తే ఇంకా మంచిది. ఆయన కుదరదంటే లోక్‌సభ సెక్రటరీ జనరల్‌కి నేరుగా పంపే దారి కూడా ఉంది. అక్కణ్నుంచి అది 15 మంది ఎంపీలుండే పిటిషన్ల సంఘం చేతికి వెళ్తుంది.

పంపేముందు జిరాక్స్ తీసుకోండి, స్పీడ్ పోస్ట్ రసీదు దానికే పిన్ను కొట్టి ఉంచండి.