ఇంగ్లీషు తిట్టు పుట్టుపూర్వోత్తరాలు వెతికే పద్ధతి

ఇంగ్లీషు బూతుమాట ఎక్కడ పుట్టిందో వెతకదలచినవారు ముందుగా మన ఇళ్ళలో తిరిగే తిట్టును ఒకదాన్ని పరిశీలించడం మంచిది. కోనసీమలో తడిబట్టలతో ఇంటికొచ్చిన మనవణ్ణి చూసి తాతగారు ‘‘ఏరా వెధవా, మళ్ళీ లాకుల దగ్గర దూకేవా?’’ అని గదమాయిస్తూనే తన కండువాతో వాడి తల తుడుస్తారు. ఆ పిలుపులో కోపం పిసరంత, ముద్దు బోలెడంత. అయినా ఆ మాట భర్త పోయిన స్త్రీని సూచించే సంస్కృత ‘విధవ’ నుంచి వచ్చినదే. (మగపిల్లవాడికి అది ఎలా అతికిందని తాతగారిని అడిగితే మనకూ అదే తిట్టు పడుతుంది.)

ఇక ‘బగ్గర్’ అనే తిట్టును తీసుకుందాం. నిఘంటువులో నేటి అర్థం చూసి ఊరుకోకుండా, ఒక్కొక్క అర్థం మొదట ఏ కాలపు రాతలో కనబడిందో గమనిస్తూ ఏటికి ఎదురీదినట్టు వెనక్కి వెళ్ళాలి. ఇప్పుడు ఇంగ్లీషువారు దాన్ని మనం ‘పిచ్చి సన్నాసి’ అన్నంత తేలికగానూ వాడుతున్నారు. కానీ 1533లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ కాలంలో వచ్చిన చట్టంలో అదే మాట నుంచి పుట్టిన రూపం మరణశిక్ష పడే లైంగిక నేరానికి పేరు. ఇంకా వెనక్కి వెళితే పాత ఫ్రెంచిలో ‘బూగ్ర్’ అంటే మతభ్రష్టుడు; దానికీ మూలం ‘బల్గేరియావాడు’ అనే అర్థమున్న లాటిన్ ‘బుల్గారుస్’. 10వ శతాబ్దంలో బల్గేరియాలో తలెత్తిన బోగొమిల్ అనే క్రైస్తవ శాఖను చర్చి మతద్రోహంగా భావించడంతో ఆ దేశం పేరు మతభ్రష్టులకు పేరైంది. అటువంటివారికి ప్రత్యర్థులు అసహజ సంభోగాన్ని కూడా అంటగట్టడంతో అది బూతుగా మారింది.

పొడి అక్షరాలు కలిపి చెప్పే కథలను మాత్రం నమ్మరాదు. ‘ఫక్’ అనేది రాజుగారి అనుమతిని తెలిపే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాల కూర్పని చెప్పేది అలాంటి కట్టుకథే; ఆ మాటకు ఇతర జెర్మానిక్ భాషల్లో చుట్టాలున్నాయి.

పాత నిఘంటువులో లేదు కనుక మాట అప్పటికి పుట్టలేదనుకోవడం మరో పొరపాటు. 1884 నుంచి 1928 వరకు భాగాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మర్యాద కోసం ‘ఫక్’ అనే మాటను వదిలేసింది. 1972 నాటి అనుబంధంలో గానీ దానికి చోటు దొరకలేదు. అందువల్ల బూతుల విషయంలో కోర్టు దస్తావేజులనూ, ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో అచ్చువేసిన నాటుమాటల కోశం వంటివాటినీ కూడా తిరగేయాలి.