పోపు వరుసలో దినుసుల సొరుగు

రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయ్యాక మా అత్తయ్యగారు తెనాలి నుంచి విజయవాడలోని మా ఇంటికి వచ్చేశారు. వచ్చిన వారానికి ఒక సాయంత్రం ఆవిడే చారు పెట్టారు. పోపు వేగుతుండగా హాల్లో కూర్చున్న నాకు వాసన తేడాగా తగిలింది. జీలకర్ర వేగిన వాసన కాదు, వాము వాసన. ఆవిడకూ అప్పుడే తెలిసింది. "అమ్మాయ్, ఈ సొరుగులో డబ్బాలు మార్చావా?" అని అడిగారు.

నేను మార్చలేదు. ఆ సొరుగులో దేనికీ స్థిరమైన చోటు లేదు. పొయ్యి మీద నూనె కాగుతుంటే నేను ఒక్కో సీసా ఎత్తి, చూసి, పక్కన పెట్టి, ఇంకోటి ఎత్తేదాన్ని. అత్తయ్యగారు మాత్రం తెనాలి ఇంట్లో నలభై ఏళ్లకు పైగా పోపు దినుసుల వైపు చూడకుండానే వంట చేశారు. ఆవిడ చూపు ఎప్పుడూ బాణలి మీదే ఉండేది. ఆ పద్ధతిని మా సొరుగులోకి తీసుకురావడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఎలా చేశానో చెబుతాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నా లేకపోయినా ఇది పనికొస్తుంది.

మొదట సొరుగు మొత్తం ఖాళీ చేయండి. సగం తీసి సగం ఉంచితే ఎక్కడివక్కడే ఉండిపోతాయి. నేల మీద పాత వార్తాపత్రిక పరిచి అన్నీ దాని మీద పెట్టండి. మా సొరుగులోంచి 31 బయటపడ్డాయి. వాటిలో ఇంగువ డబ్బాలు మూడు, మెంతుల పొట్లాలు రెండు, తెరిచి రబ్బరు బ్యాండు వేసి మరిచిపోయిన ధనియాల పొడి ప్యాకెట్లు నాలుగు. ఒక్కోటీ చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి వాసన చూడండి. సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే సరిపోదు. మూసి ఉన్న సీసాలో వాసన నిలిచి ఉంటుంది, అది మోసం చేస్తుంది. నలిపినప్పుడు కూడా గాఢంగా రాకపోతే ఆ దినుసులోని నూనె ఎగిరిపోయిందన్నమాట. ధనియాలు, జీలకర్ర గింజలుగా ఉంటే నెలల తరబడి నిలుస్తాయి. పొడి చేసిన రోజు నుంచీ వాటి వాసన తగ్గిపోతూనే ఉంటుంది. అందుకే ధనియాల పొడి ఎప్పుడూ కొంచెమే చేసుకోవాలి. నా నాలుగు ప్యాకెట్లలో మూడు పారేయవలసి వచ్చింది.

మా ధనియాల్లో పురుగు కూడా కనిపించింది. ఎర్రగా, గోధుమ రంగులో, ఆవగింజంత ఉండే ఈ పురుగు ఎండుమిర్చినీ పసుపు కొమ్ములనూ కూడా తొలిచేస్తుంది. ఆ సీసా ఒక్కటి తీసేస్తే పోదు. సొరుగు మూలల్లో, చెక్క అతుకుల్లో పొడి చేరిన చోట దాక్కుంటుంది. పళ్లు తోముకునే పాత బ్రష్షుతో మూలలన్నీ గీకి, తడిబట్టతో తుడిచి, ఒక పూటంతా సొరుగు తెరిచి ఆరనివ్వండి. చెక్కలో తడి మిగిలితే తర్వాత అది దినుసులకే పట్టుకుంటుంది.

ఏ సొరుగు అన్నది కూడా ఆలోచించాలి. పొయ్యికి సరిగ్గా కింద ఉన్న సొరుగు వద్దు, రోజంతా వేడి తగులుతుంది. సింకు పక్కది అసలే వద్దు. పొయ్యి గట్టుకు కుడివైపు పై సొరుగులో మేము చెంచాలు, గరిటెలు పెట్టుకునేవాళ్లం. వాటిని కిందికి దించి, ఆ చోటును దినుసులకు ఇచ్చాను. వంగకుండా అందాలి, పొయ్యి దగ్గర నిలబడి ఒక్క అడుగు కూడా వేయకుండా అందాలి. పొయ్యి పైన గోడకు అల్మారా ఉన్నవాళ్లు అందులోనే దినుసులు పెడతారు. ఆవిరీ, వేడీ, వెలుతురూ మూడూ అక్కడే ఎక్కువ. వెలుతురుకు పసుపు రంగు వెలిసిపోతుంది, కారం ఎరుపు తగ్గిపోతుంది. మూసిన సొరుగు చీకటిగా ఉండటం ఈ రెండింటికీ మేలు చేస్తుంది.

ఇక కొలతలు. సీసాలు కొనేముందే టేపు పట్టుకోండి. మా సొరుగు లోపల 18 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల లోతు. ఎత్తు కొలిచేటప్పుడు చాలామంది సొరుగు పక్క చెక్క ఎత్తు చూస్తారు. చూడవలసింది అది కాదు. సొరుగు అడుగు నుంచి, మూసినప్పుడు పైన తగిలే చట్రం వరకు కొలవాలి. మాకు అది నాలుగున్నర అంగుళాలు వచ్చింది. అందుకని మూతతో కలిపి నాలుగు అంగుళాలు మించని, రెండున్నర అంగుళాల వెడల్పున్న గాజు సీసాలు తీసుకున్నాను. అన్నీ ఒకే ఎత్తు ఉంటే చేయి ఒకే మట్టంలో కదులుతుంది.

సొరుగు ముందు భాగంలో ఎడమవైపు పోపుల పెట్టె పెట్టాను. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మిగతా సర్దుబాటంతా దీన్ని బట్టే నడిచింది. ఇది అత్తయ్యగారి పెళ్లికి పుట్టింటివారు ఇచ్చిన స్టీలు పెట్టె. అడ్డం 8 అంగుళాలు. లోపల ఏడు గిన్నెలు, చుట్టూ ఆరు, మధ్యలో ఒకటి. పక్కన ఆవిడ పేరు, కింద 1979 అని చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది. ఆ చుక్కలు ఇప్పటికీ బొటనవేలికి గరుగ్గా తగులుతాయి. గుండ్రటి పెట్టెకు ముందూ వెనకా ఉండవు కదా, ఎటు తిప్పి పెట్టినా ఒకేలా ఉంటుంది. చూడకుండా తీయాలంటే ఎక్కడో ఒక గుర్తు కావాలి. ఆ పేరే మాకు గుర్తు. పేరు ఉన్న వైపు ఎప్పుడూ మన పొట్ట వైపు ఉండాలి. మీ పెట్టె మీద పేరు లేకపోతే అంచు మీద గోళ్ల రంగు నాలుగైదు పూతలు వేసి గట్టిపడనివ్వండి, వేలికి తెలుస్తుంది.

మధ్య గిన్నెలో ఆవాలు. ప్రతి పోపులోనూ పడేవి అవే కాబట్టి చేయి నేరుగా మధ్యకు వెళ్తుంది. పేరు దగ్గర మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే వైపుగా శనగపప్పు, మినప్పప్పు, మెంతులు, జీలకర్ర, ఎండుమిర్చి, మిరియాలు. ఇది ఇంచుమించు నూనెలో పడే వరుసే. శనగపప్పు వేగడానికి సమయం పడుతుంది, అందుకని అది ముందు. మెంతులు ఒక్క క్షణం ఎక్కువైనా మాడి చేదెక్కుతాయి, ఎండుమిర్చి నల్లబడుతుంది. కంగారు పడవలసిన దినుసులన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉంటే చేయి వెతుక్కోనక్కర్లేదు. గిన్నెలు కడిగినప్పుడు వరుస మారకుండా అడుగున మేకు మొనతో ఒకటి, రెండు, మూడు గీతలు గీశాను.

పోపుల పెట్టెలో ఇంగువ పెట్టకండి. ఆ గిన్నెలకు విడి మూతలు ఉండవు. రెండు రోజుల్లో మినప్పప్పు దాకా ఇంగువ వాసనే వస్తుంది. దాన్ని బిగుతు మూత ఉన్న దాని సొంత డబ్బాలోనే ఉంచి, పెట్టె బయట పెట్టండి. పసుపు కూడా అందులో వద్దని నా అభిప్రాయం. సొరుగు లాగినప్పుడల్లా కొంచెం చింది పప్పులన్నీ పచ్చగా అవుతాయి.

పెట్టెకు కుడివైపు 10 అంగుళాలు మిగిలింది. అందులో నాలుగేసి సీసాలు మూడు వరుసలు పట్టాయి. ముందు వరుసలో పసుపు, కారం, జీలకర్ర పొడి, ఇంగువ. రెండో వరుసలో ధనియాల పొడి, సాంబారు పొడి, చారు పొడి, మిరియాల పొడి. మూడో వరుసలో నువ్వులు, సోంపు, మెంతి పొడి, చివర కుడి మూలన వాము. జీలకర్రకూ వాముకూ మధ్య సొరుగంతా దూరం ఉండేలా చూశాను. వాము సీసాకు రెండు రబ్బరు బ్యాండ్లు కూడా వేశాను. వేళ్లకు అవి తగిలితే అది వాము అని అత్తయ్యగారికి తెలుస్తుంది.

వీటి వెనక ఏడేసి సీసాలు రెండు వరుసలు. అందులో లవంగాలు, యాలకులు, దాల్చినచెక్క, అనాసపువ్వు, మరాటిమొగ్గ, జాపత్రి, షాజీర లాంటివి, అంటే పండగకో పలావుకో తీసేవి. జాజికాయను పొడి చేసి పెట్టుకోకండి, కాయగానే ఉంచి కావలసినప్పుడు గీరుకోండి. గసగసాలు సొరుగులో వద్దు. నూనె ఎక్కువ కాబట్టి ఎండాకాలంలో త్వరగా చెడిపోయిన నూనె వాసన వస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను మూత తెరిచి గట్టు మీద వదిలేయకండి. చల్లటి గాజుకు గాలిలోని తేమ పట్టి లోపల గడ్డ కడుతుంది. కావలసినంత తీసుకుని వెంటనే మూసేయాలి. సొరుగు చిట్టచివర మిగిలిన 6 అంగుళాల్లో ఒక పొడవాటి డబ్బా పెట్టి, విప్పిన ప్యాకెట్లన్నీ నిలబెట్టాను.

సొరుగు అడుగున జారని రబ్బరు షీటు పరచండి. లేకపోతే గట్టిగా మూసినప్పుడల్లా సీసాలన్నీ వెనక్కి జరుగుతాయి, వరుసకు అర్థం ఉండదు. వరుసకూ వరుసకూ మధ్య సన్నటి చెక్క పట్టీ కొట్టించుకుంటే ఇంకా మంచిది. మాకు వడ్రంగి అరగంటలో వేసి ఇచ్చాడు.

పేర్లు సీసా పక్కన కాకుండా మూత మీద రాయండి. సొరుగులో పైనుంచి కనిపించేది మూతే. తెల్ల టేపు అంటించి నల్ల మార్కరుతో మూతకు పట్టినంత పెద్ద అక్షరాలు రాశాను. మొదటి అక్షరం మాత్రం రాసి వదిలేస్తే మెంతి పొడీ మిరియాల పొడీ తికమక పెడతాయి, పూర్తి పేరు రాయండి. కింద చిన్నగా పోసిన తేదీ వేయండి.

మా ఇంట్లో కారం, పసుపు, చింతపండు ఏడాదికి సరిపడా ఎండాకాలంలోనే కొంటాం. కారానికి గుంటూరు సన్నం మిరపకాయలు తెచ్చి ఎండబెట్టి, తొడిమలు తీసి మరలో ఆడిస్తాం. పసుపు కొమ్ములు దుగ్గిరాల నుంచి వస్తాయి, తెనాలికి అది పక్కనే. ఈ నిల్వంతా సొరుగులోకి రాకూడదు. అది జాడీల్లో ఉంటుంది, సొరుగులోకి నెలకు సరిపడా మాత్రమే. నెల మొదటి ఆదివారం నింపుతాను. పాతదాని మీద కొత్తది పోయను. అడుగున ఉన్నది అలాగే ఉండిపోయి పురుగుకు ఇల్లవుతుంది. మిగిలినది గిన్నెలోకి ఒంపి, సీసా కడిగి, ఒక రోజంతా ఎండలో పెట్టి, చల్లారాక కొత్తది పోసి, పైన పాతది పోస్తాను.

ఉడుకుతున్న కూర మీద సీసా వంచి కారం చల్లే అలవాటు ఉంటే మానుకోండి. ఆవిరి నేరుగా సీసాలోకి వెళ్తుంది. రెండు వారాల్లో మూత అంచున ఎర్రటి పెచ్చు కడితే కారణం అదే. పొడి చెంచా ఒకటి సొరుగులోనే ఉంచండి. మాది పోపుల పెట్టె మూత మీద ఉంటుంది.

ఇంత చేశాక పది రోజులు ఏమీ మార్చకుండా వంట చేసేవారి చేతిని చూడండి. అత్తయ్యగారు పోపు మొత్తం తల తిప్పకుండా వేసేశారు. కానీ కూరల్లో ప్రతిసారీ కారం తీశాక ఆవిడ చేయి దాని పక్కన ఉన్న జీలకర్ర పొడి మీదికి వెళ్లి, అక్కడ ఆగి, వెనక్కి వచ్చేది. నాలుగో రోజు అడిగాను. "కారం తర్వాత ధనియాల పొడే కదమ్మా వేసేది" అన్నారు. జీలకర్ర పొడి రెండో వరుసకు వెళ్లింది. ధనియాల పొడి ఇప్పుడు కారం పక్కన ఉంది.