మాక్ ఆరెంజ్ పొద: మీ పెరటికి ఏ జాతి నప్పుతుంది?

నర్సరీలో మాక్ ఆరెంజ్ అని చీటీ కట్టినవన్నీ ఒకే మొక్క కాదు. మన వైపు ఆ పేరుతో ఇచ్చేది మధుకామిని. అది కరివేపాకుకు దగ్గరి చుట్టం, గడ్డకట్టే చలికి చచ్చిపోతుంది. అమెరికాలో నిమ్మ, నారింజ చెట్లను పాడుచేసే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు ఈ రెంటి మీదా బతుకుతుంది కాబట్టి, ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లో వీటిని ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకెళ్లడంపై ఆంక్షలున్నాయి. చలి దేశాల పెరట్లో పెంచేది ఫిలడెల్ఫస్. దానికి చలికాలం ఉండి తీరాలి. కింద చెప్పేదంతా దాని గురించే.

1. ముందు చోటు కొలవండి. యూరప్ జాతి కొరొనేరియస్ 3 మీటర్ల ఎత్తు, దాదాపు అంతే వెడల్పు పెరుగుతుంది. కిటికీ కింద నాటితే ఏటా కత్తెరతో కుస్తీయే. ఇరుకు చోటుకి మీటరుకు అటూ ఇటూ ఆగే మైక్రోఫిల్లస్ మేలు.

2. నీళ్లు తక్కువైతే లెవిసీ ఎంచుకోండి. అమెరికా పడమటి కొండల మొక్క, ఐడహో రాష్ట్ర పుష్పం. వేళ్లూనాక పొడి వేసవికి ఓర్చుకుంటుంది. చలి మరీ ఎక్కువైతే ముద్దపూల మిన్నెసోటా స్నోఫ్లేక్ సరి. మైనస్ 30 డిగ్రీలకూ తట్టుకుంటుంది.

3. మే, జూన్‌లో పూత మీద ఉండగా వాసన చూసి కొనండి. ఇనోడోరస్ జాతికి వాసనే ఉండదు, పేరుకు అర్థమూ అదే! ఘాటైన సువాసన కావాలంటే కొరొనేరియస్‌కే మా ఓటు.

4. వేరుముద్దకు రెండింతల వెడల్పు, సరిగ్గా దాని లోతే గుంత తవ్వి నాటండి. లోతుగా పాతితే మొదలు కుళ్లుతుంది. నీళ్లు నిలిచే చోటు వద్దు. రోజుకు 5, 6 గంటల ఎండ తగలాలి.

5. పూలు రాలిన వెంటనే కత్తిరించండి. వచ్చే ఏడాది పూత ఈ వేసవిలో ఎదిగిన కొమ్మల మీదే వస్తుంది. చలికాలంలో కత్తెర వేశారా, మొగ్గలన్నీ చెత్తబుట్టలోకే. పైపైన గుండ్రంగా గొరిగితే లోపల ఎండుపుల్లలు, అంచున ఆకులు మిగులుతాయి. బెరడు పొరలుగా ఊడుతున్న ముదురు కొమ్మల్ని, నాలుగింట ఒకటి చొప్పున, నేల మట్టానికి కోసేయండి.

అయినా పూయలేదంటే పక్కనున్న లాన్ చూడండి. గడ్డికి చల్లిన నత్రజని పొదకూ అందితే ఆకులే గుబురుగా వస్తాయి, మొగ్గ పడదు.