కారు డ్యాష్‌బోర్డులో బయటి ఉష్ణోగ్రత తప్పుగా కనిపిస్తుంటే ఏం చేయాలి?

మే నెల మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు నిలిపిన కారును స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు మీద 49 డిగ్రీలు కనిపిస్తుంది, ఫోను మాత్రం 41 అని చెబుతుంది. ఇది చూసి సెన్సర్ పాడైందని నిర్ణయించుకుని, కొత్తది తెప్పించి బిగించిన తరువాత కూడా అదే అంకె కనిపించడంతో నిరాశపడినవారు చాలామంది ఉన్నారు. అందుకే ఏ భాగాన్నీ విప్పకముందే ఒక విషయం తేల్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను: ఈ తేడా కారు నిలిచి ఉన్నప్పుడు మాత్రమే వస్తోందా, నడుస్తున్నప్పుడూ వస్తోందా, తెల్లవారుజామున చల్లని వేళ కూడా వస్తోందా? ఈ మూడింటికి జవాబు దొరికితే లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

బయటి ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్ చాలా కార్లలో ముందు బంపర్ వెనుక, గ్రిల్‌కూ ఏసీ కండెన్సర్‌కూ (ఏసీ వేడిని బయటికి వదిలే భాగం) మధ్య ఉంటుంది. కొన్ని కార్లలో దానిని పక్క అద్దం అడుగున అమరుస్తారు. బంపర్ వెనుక ఉన్న సెన్సర్‌కు కింద కాలుతున్న తారు రోడ్డు, వెనుక వేడెక్కిన కండెన్సర్, రేడియేటర్ ఉంటాయి. కారు కదులుతున్నంతసేపూ ఎదురుగాలి ఆ వేడిని వెనక్కి నెట్టేస్తుంది కాబట్టి సెన్సర్‌కు తాజా గాలి తగులుతుంది. కారు ఆగిన వెంటనే ఆ గాలి ఆగిపోయి, ఇంజిన్ గదిలోని వేడి ముందుకు వ్యాపిస్తుంది. అప్పుడు కనిపించే అంకె అబద్ధం కాదు, బంపర్ వెనుక ఆ చోట నిజంగానే అంత వేడి ఉంటుంది.

ఈ ఇబ్బంది తెలిసే తయారీదారులు చాలా కార్ల సాఫ్ట్‌వేర్‌లో ఒక జాగ్రత్త పెడతారు. ఉష్ణోగ్రత తగ్గితే డిస్‌ప్లేలో త్వరగా తగ్గిస్తారు, పెరిగితే మాత్రం కారు కొంత వేగంతో కొంతసేపు నడిచాకే పెంచుతారు. ఇంజిన్ ఇంకా వేడిగా ఉండగా మళ్లీ స్టార్ట్ చేస్తే, కొత్త కొలతను నమ్మకుండా ఇంతకుముందు దాచుకున్న అంకెనే కొన్ని కార్లు చూపిస్తాయి. చల్లని సెల్లార్ పార్కింగ్ నుంచి ఎండలోకి వచ్చినా చాలాసేపు 30 దగ్గరే అంకె ఆగిపోవడానికి కారణం సాధారణంగా ఇదే. దీనిని లోపంగా భావించి బాగుచేయించడానికి ప్రయత్నించకండి.

మొదటి పరీక్ష రోడ్డు మీద చేయాలి. ట్రాఫిక్ లేని దారిలో గంటకు 60 కిలోమీటర్లకు తగ్గని వేగంతో పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా నడిపి, ఆ తరువాతి అంకెను చూడండి. అది వాస్తవానికి రెండు మూడు డిగ్రీల లోపలికి వస్తే మీ సెన్సర్ బాగానే ఉంది. అయితే దేనితో పోల్చాలన్నది కూడా ముఖ్యమే. ఫోనులో కనిపించేది మీ వీధి ఉష్ణోగ్రత కాదు, దూరంలోని వాతావరణ కేంద్రాల కొలతల నుంచీ కంప్యూటర్ అంచనాల నుంచీ వచ్చిన అంకె. వాతావరణ శాఖ ఉష్ణోగ్రతను నేలకు మనిషి ఛాతీ ఎత్తున, గాలి ఆడే తెల్లని చెక్కపెట్టె నీడలో కొలుస్తుంది. మీ సెన్సరేమో తారు మీద రెండడుగుల ఎత్తున ఉంటుంది. బేగంపేటలో నమోదైన 41, రింగు రోడ్డు మీద కారు చూపే 43 రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

నేను ఎక్కువగా నమ్మేది తెల్లవారుజాము పరీక్ష. కారును రాత్రంతా ఆరుబయట నిలిపి ఉంచి, సూర్యుడు రాకముందు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని కొలతలను ఫోనులో చూపే చిన్న పరికరం) ఉంటే దానితో మూడు కొలతలు చదవండి: బయటి గాలి, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం). ఏడెనిమిది గంటలు కదలకుండా నిలిచిన కారులో ఈ మూడూ దాదాపు సమానంగా ఉండాలి. రెండు 27 అని, బయటి గాలి మాత్రం 36 అని చెబితే సెన్సర్‌నో దాని వైరునో అనుమానించడానికి గట్టి ఆధారం దొరికినట్టే. మూడూ 27 దగ్గరే ఉంటే మీ కారుది పగటి వేడి సమస్యే తప్ప సెన్సర్ సమస్య కాదు. కొన్ని కార్లు బయటి గాలి కొలతను ఓబీడీ ద్వారా ఇవ్వవు. అలాంటప్పుడు డ్యాష్‌బోర్డు అంకెను మిగిలిన రెండింటితో పోల్చుకోవచ్చు. అంకె 80 నుంచి 110 మధ్య ఉండి మిగతాదంతా సవ్యంగా ఉంటే, సెట్టింగుల్లో ఫారన్‌హీట్ ఎంపిక పడిందేమో ముందు చూడండి. 104 ఫారన్‌హీట్ అంటే 40 సెల్సియస్.

సెన్సర్ మీద అనుమానం నిలబడితే దానిని కళ్లతో చూడాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఇగ్నిషన్ ఆపేసి, తాళంచెవి దగ్గర పెట్టుకుని పని మొదలుపెట్టండి, ఎందుకంటే రేడియేటర్ ఫ్యాన్ కొన్ని కార్లలో తనంతట తానే తిరుగుతుంది. ముందు బంపర్ దగ్గర ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించిన సెన్సర్లు కూడా ఉండవచ్చు కాబట్టి, ఏది ఏ కనెక్టరో తెలియకుండా పీకవద్దు. విద్యుత్ కారైతే నారింజ రంగు వైర్ల జోలికి అసలు వెళ్లకండి. సెన్సర్ సాధారణంగా రెండు వైర్లున్న చిన్న నల్లని ముక్క. దానిమీద బురద, ఎండుటాకులు పేరుకున్నాయా, క్లిప్పు విరిగి కండెన్సర్‌కు ఆనుకుని ఉందా, తరువాత బిగించిన గార్డు లేదా పెద్ద నంబరు ప్లేటు దానికి గాలి తగలకుండా అడ్డుపడుతోందా అని చూడండి. చిన్న ప్రమాదం తరువాత నా కారుకు బంపర్ మార్చినప్పుడు సెన్సర్‌ను దాని చోట పెట్టకుండా రేడియేటర్ వైపు వేలాడదీసి వదిలేశారు. ఆరు నెలలపాటు కారు ఎప్పుడూ ఎనిమిది డిగ్రీలు ఎక్కువ చూపించింది. కొత్త క్లిప్పుతో బిగించగానే సరిపోయింది. బంపర్ పని జరిగిన తరువాత తేడా మొదలైతే ముందుగా చూడవలసింది ఇదే. ఎలుకలు వైర్లు కొరకడం మన దగ్గర మామూలే కనుక వైరును కూడా పొడవునా తడిమి చూడండి.

ఇక విద్యుత్ పరీక్ష. ఈ సెన్సర్ లోపల ఉండేది వేడి పెరిగేకొద్దీ నిరోధం (కరెంటుకు కలిగే అడ్డు) తగ్గే థర్మిస్టర్. ఉదాహరణకు 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉండే రకం 40 డిగ్రీల దగ్గర ఐదు కిలో ఓమ్‌ల చిల్లరకు దిగుతుంది, 0 దగ్గర 30 దాటుతుంది. కార్లన్నీ ఈ రకమే వాడవు కాబట్టి మీ కారు సర్వీస్ మాన్యువల్ విలువలే ప్రమాణం. ఈ ఒక్క సూత్రం తెలిస్తే తప్పు ఎటువైపు ఉందో దాన్నిబట్టే కారణం ఊహించవచ్చు. కనెక్టర్ పిన్నులకు పచ్చని తుప్పు పడితే అదనపు నిరోధం తోడై, బయట అసలు కంటే చల్లగా ఉందని కారు చూపిస్తుంది. పైన చెప్పిన రకం సెన్సర్‌కు 40 డిగ్రీల ఎండలో ఐదు కిలో ఓమ్‌లు తోడైతే డ్యాష్‌బోర్డు 25 దగ్గరి అంకె చూపుతుంది. అదే పిన్నుల మధ్య తేమ చేరి కరెంటు లీకైతే మొత్తం నిరోధం తగ్గి, అంకె వేడివైపు జరుగుతుంది. వైరు తెగిపోతే మైనస్ 40 లేదా ఖాళీ గీతలు, రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలితే అసాధ్యమైనంత ఎక్కువ అంకె కనిపిస్తాయి.

కనెక్టర్ విడదీసి, మల్టీమీటర్‌తో సెన్సర్ నిరోధాన్ని ముందు నీడలో కొలవండి. తరువాత సెన్సర్‌ను పలుచని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నలగ్గొట్టిన ఐసు, కొద్దిగా నీళ్లు కలిపిన గిన్నెలో ఐదు నిమిషాలు ముంచి మళ్లీ కొలవండి. ఆ మిశ్రమం 0 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది కాబట్టి ఇంట్లో దొరికే కొలమానాల్లో దీనికంటే నమ్మకమైనది లేదు. రెండు విలువలూ మాన్యువల్‌తో సరిపోతే సెన్సర్ నిర్దోషి. అప్పుడు సెన్సర్ లేకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, కారు వైపు కనెక్టర్ రెండు పిన్నుల మధ్య వోల్టేజి చూడండి. సాధారణంగా 5 వోల్టుల దగ్గర ఉంటుంది. అసలేమీ రాకపోతే లోపం వైరింగ్‌లోనో కంట్రోల్ యూనిట్‌లోనో ఉంది, అక్కడి నుంచి మంచి ఎలక్ట్రీషియన్‌కు అప్పగించడం మేలు.

ఈ అంకె కంటికి కనిపించడానికి మాత్రమే కాదు. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లు దీన్ని చూసే గాలి చల్లదనాన్ని నిర్ణయిస్తాయి. బయట గడ్డకట్టేంత చలి ఉందని సెన్సర్ చెబితే చాలా కార్లలో కంప్రెసర్ పనిచేయదు. కాబట్టి మే నెలలో ఏసీ ఉన్నట్టుండి ఆగిపోయి, డ్యాష్‌బోర్డు మీద మైనస్ అంకె కనిపిస్తుంటే, గ్యాస్ నింపించడానికి డబ్బు పెట్టకముందు ఈ సెన్సర్ వైరును చూడండి.

సెన్సర్ మార్చవలసి వస్తే మీ మోడల్, తయారీ సంవత్సరానికి సరిపడే పార్ట్ నంబరుతోనే తీసుకోండి. చూడడానికి ఒకేలా ఉన్నా నిరోధం వేరైన సెన్సర్ పెడితే కొత్త తప్పు మొదలవుతుంది. బిగించిన వెంటనే పాత అంకె కనిపిస్తే కంగారుపడవద్దు, సాఫ్ట్‌వేర్ దాచుకున్న విలువ వదలడానికి కొంత ప్రయాణం లేదా ఒక రాత్రి విరామం కావాలి. మర్నాడు తెల్లవారుజామున అదే పరీక్ష మళ్లీ చేసి, మూడు కొలతలూ కలిశాయో లేదో చూసుకున్నాకే పాత సెన్సర్‌ను పారేయండి.