క్రిప్టో వాలెట్‌ని నమ్మొచ్చో లేదో డబ్బు వేయకముందే తేల్చుకోండి

చెరువు పట్టుబడి అయ్యాక చేతికొచ్చిన సొమ్ములో కొంతో, కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్న తమ్ముడు పంపిన దాంట్లో కొంతో క్రిప్టోలో పెడదామనుకునేవాళ్లు మన భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు బాగానే కనిపిస్తున్నారు. ఏ కాయిన్ కొనాలో గంటలు గంటలు మాట్లాడుకుంటారు గానీ, కొన్నదాన్ని ఏ వాలెట్‌లో, అంటే క్రిప్టో దాచుకునే ఏ యాప్‌లో, ఉంచాలన్న మాట వచ్చేసరికి వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన లింకు నొక్కేసి ఊరుకుంటారు. నాకు భయమేసేది అక్కడే. రేటింగులు, డౌన్‌లోడ్ల సంఖ్య చూసి వాలెట్‌ని నమ్మకండి. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా మీ డబ్బు మీరు బయటకు తీసుకోగలరా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి, మిగతావన్నీ దాని తర్వాతే.

అందుకు మొదట తాళం ఎవరి దగ్గరుందో చూడండి. వాలెట్ కొత్తగా తెరిచినప్పుడు 12 గానీ 24 గానీ ఇంగ్లీషు పదాలు వరసగా చూపించి, కాగితం మీద రాసుకోమని, తర్వాత మూడో పదం ఏంటి, తొమ్మిదోది ఏంటి అని అడిగిందంటే తాళం మీ చేతికిస్తున్నట్టే. దీన్నే సీడ్ ఫ్రేజ్ అంటారు. చాలా వాలెట్లు ఒకే 2048 పదాల పట్టికలోంచి వీటిని తీస్తాయి, కాబట్టి ఫోన్ గోదాట్లో పడ్డా, ఆ కంపెనీ మూతపడ్డా ఇంకో వాలెట్‌లో ఆ పదాలు కొట్టి డబ్బు తెచ్చుకోవచ్చు. అలా కాకుండా ఫోన్ నంబరు, ఓటీపీతోనే తెరుచుకుంటే అది చాలావరకు ఎక్స్ఛేంజ్ ఖాతాయే (క్రిప్టో కొని అమ్మిపెట్టే కంపెనీ దగ్గరున్న ఖాతా), అంటే మిల్లులో ధాన్యం వదిలేసి చీటీ మాత్రం ఇంటికి తెచ్చుకున్నట్టు. ఎక్స్ఛేంజ్ అయితే కనీసం అనుమానాస్పద లావాదేవీల మీద కన్నేసి ఉంచే మన కేంద్ర ప్రభుత్వపు ఎఫ్ఐయూ దగ్గర రిజిస్టర్ అయి ఉందో లేదో చూడండి, కానీ అది ఉన్నంత మాత్రాన ధీమా వద్దు. వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజ్‌లో 2024 జూలైలో 23 కోట్ల డాలర్ల పైచిలుకు క్రిప్టో దొంగలపాలైంది, వాడేవాళ్లకి క్రిప్టో విత్‌డ్రాలు ఏడాదికి పైగా ఆగిపోయాయి. పదాలు చూపించకుండానే తాళం మనకిచ్చే కొత్త రకం వాలెట్లూ ఉన్నాయి. వాటిలో ఫోన్ పోతే ఎలా వెనక్కి తెచ్చుకోవాలో చదివి అర్థమయ్యాకే ముందుకెళ్లండి.

యాప్ ఎక్కడినుంచి దిగింది అన్నది కూడా అంతే ముఖ్యం. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఏపీకే ఫైల్ (స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ వేసేది) వచ్చిందంటే పంపింది సొంత బావమరిదైనా సరే వేసుకోవద్దు, ఎందుకంటే ఆయనకి ఎవరు పంపారో ఆయనకే తెలియదు. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రకటనలూ వద్దు. వాలెట్ కంపెనీ అసలు సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి, అక్కడున్న లింకు ద్వారా యాప్ స్టోర్‌కి వెళ్లండి. స్టోర్‌లో ఉంటే చాలదా అంటారేమో, చాలదు. 2023లో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే లెడ్జర్ అనే వాలెట్ కంపెనీ పేరుతో నకిలీ యాప్ వెలిసి లక్షల డాలర్లు కాజేసింది.

ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి ఓ గంట కేటాయించండి. ఐదొందలో వెయ్యో విలువైన క్రిప్టో మాత్రమే ఆ వాలెట్‌కి పంపండి. వాలెట్ తెర మీద కనిపించే అంకెని నమ్మకుండా, మీ వాలెట్ అడ్రస్ (ఖాతా నంబరు లాంటిది) కాపీ చేసి ట్రోన్ నెట్‌వర్క్ అయితే ట్రోన్‌స్కాన్‌లో, ఎథీరియం అయితే ఈథర్‌స్కాన్‌లో పేస్ట్ చేయండి. ఆ నెట్‌వర్క్‌లో జరిగే లావాదేవీలన్నీ అందరికీ చూపించే సైట్లివి. నకిలీ యాప్ తెర మీద లక్షలు చూపిస్తుంటుంది, ఇక్కడ చూస్తే సున్నా ఉంటుంది. ఇక్కడా డబ్బు కనిపిస్తే యాప్ డిలీట్ చేసి, ఆ పదాలతో వేరే కంపెనీ వాలెట్‌లో తెరిచి చూడండి. అదే అడ్రస్, అదే బ్యాలెన్స్ వచ్చి, అక్కడినుంచి బయటకు పంపగలిగితే తాళం నిజంగా మీదే. పంపేటప్పుడు నెట్‌వర్క్ ఫీజు అడుగుతుంది, కంగారుపడకండి. ట్రోన్ మీద యూఎస్‌డీటీ (డాలర్ విలువకి ముడిపెట్టిన కాయిన్) పంపాలంటే మీ వాలెట్‌లో కొంచెం టీఆర్ఎక్స్ (ట్రోన్ సొంత కాయిన్) ఉండాలి, ఫీజు అందులోంచే కట్ అవుతుంది. అంతే తప్ప ఎవరి అడ్రస్‌కో ముందుగా పంపమనేది ఫీజు కాదు, దోపిడీ. పరీక్షకి వాడిన పదాలు రెండు యాప్‌లలో పడ్డాయి కాబట్టి వాటిని వదిలేసి, పెద్ద మొత్తానికి కొత్త వాలెట్ తెరవండి.

ఈ పరీక్ష నెగ్గిన వాలెట్ కూడా లోలోపల ఆ పదాలు ఇంకెక్కడికో పంపుతుండొచ్చు. 2022 ఆగస్టులో సొలానా అనే నెట్‌వర్క్ మీద వేల వాలెట్లు ఖాళీ అయ్యాయి. ఆరా తీస్తే, స్లోప్ అనే వాలెట్ యాప్ వాడేవాళ్ల సీడ్ ఫ్రేజులు కంపెనీ సర్వర్‌లో మామూలు అక్షరాల్లో చేరుతున్నాయని తేలింది. అందుకే కోడ్ అందరికీ కనిపించేలా పెట్టిన, బయటివాళ్లతో ఆడిట్ చేయించుకున్న, నాలుగైదేళ్లుగా జనం వాడుతున్న వాలెట్‌నే ఎంచుకోమంటాను. బిట్‌కాయిన్ వాలెట్ అయితే వాలెట్‌స్క్రూటినీ సైట్‌లో పేరు కొట్టి చూడండి. స్టోర్‌లో ఉన్న యాప్, బయటపెట్టిన కోడ్ ఒకటేనా అన్నది వాళ్లు పరిశీలిస్తారు.

వాలెట్ ఎంత మంచిదైనా పదాలని స్క్రీన్‌షాట్ తీస్తే పోయినట్టే. 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రతా కంపెనీ బయటపెట్టిన స్పార్క్‌క్యాట్ అనే వైరస్ గ్యాలరీలోని ఫొటోల్లో ఈ పదాల కోసమే వెతికేది, పైగా అది ప్లే స్టోర్, యాపిల్ స్టోర్ యాప్‌లలోనే దొరికింది. కాగితం మీదే రాయండి, కానీ ఒక్క కాగితం చాలదు. 2022 జూలై వరదకి లంక గ్రామాల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు జనం ఎన్ని కాగితాలు ఎండబెట్టుకున్నారో మనకి తెలుసు. ఒక కాపీ బ్యాంకు లాకర్లో పెట్టండి, పెద్ద మొత్తమైతే స్టీలు పలక మీద మీ చేత్తో మీరే చెక్కుకోండి. ఏ షాపువాడికీ ఆ పదాలు చెప్పి చెక్కించొద్దు. హార్డ్‌వేర్ వాలెట్ (తాళాన్ని ఫోన్‌లో కాకుండా విడిగా దాచే చిన్న పరికరం) కొంటే కంపెనీ సైట్‌లోనే కొనండి. పెట్టె తెరవగానే పదాలు ముందే రాసి ఉన్నాయంటే అది వాడకూడదు.

ఏదైనా సైట్‌కి వాలెట్ కనెక్ట్ చేసినప్పుడు "అప్రూవ్" అని వస్తుంది, దాని కింద మొత్తం దగ్గర అన్‌లిమిటెడ్ అని ఉందేమో చూసుకోండి. ఒప్పుకుంటే ఆ టోకెన్ (కాయిన్) మీ దగ్గర ఎంతుంటే అంత ఎప్పుడైనా లాగేసుకునే హక్కు ఇచ్చినట్టు. మంచి వాలెట్ ఇది స్పష్టంగా చూపించి, అంకె మార్చుకోనిస్తుంది. చూపించని వాలెట్‌ని పక్కన పెట్టేయండి.

"విత్‌డ్రా కావాలంటే 30 శాతం పన్ను ముందు కట్టండి" అని ఏ యాప్ అయినా అడిగిందంటే ఇంక ఒక్క రూపాయి కూడా వేయకండి. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే, కానీ అది కట్టేది ఆదాయపు పన్ను శాఖకి, యాప్‌కి కాదు. 1 శాతం టీడీఎస్ కూడా అమ్మిన మొత్తంలోంచి కోస్తారు తప్ప కొత్తగా డిపాజిట్ అడగరు. అప్పటికే ఇరుక్కుని ఉంటే చాటింగులు, అడ్రసులు, ట్రాన్సాక్షన్ ఐడీలు ఏవీ డిలీట్ చేయకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్యాంకు నుంచి వెళ్లిన డబ్బు అయితే మొదటి కొన్ని గంటల్లో చెబితేనే ఆపగలిగే అవకాశం ఉంటుంది. పోయింది తెచ్చిపెడతామని ఆ తర్వాత ఎవరైనా మెసేజ్ చేస్తే వాళ్లకి జవాబివ్వకండి.