టెన్నిస్ ఎల్బో: వ్యాయామం పనిచేస్తోందో లేదో కొలిచి తేల్చుకోండి

టెన్నిస్ ఎల్బోతో, అంటే మోచేతి బయటివైపు వచ్చే నొప్పితో, ఒక తిరకాసు ఉంది. ఏమీ చేయకపోయినా ఏడాదిలో చాలామందికి అదే తగ్గుతుంది. అందుకే నూనె రాసినవాళ్లూ, పట్టీ కట్టినవాళ్లూ, వ్యాయామం చేసినవాళ్లూ అంతా ‘దాంతోనే తగ్గింది’ అంటారు. 2006లో ఆస్ట్రేలియాలో 198 మందిని పరీక్షిస్తే, 6 వారాలప్పుడు ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్లు ఊరికే ఉన్నవాళ్లకంటే బాగున్నారు. 52 వారాలకు ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. అంటే చికిత్స సత్తా బయటపడేది మొదటి రెండు నెలల్లోనే. కొలతలూ అప్పుడే తీయాలి.

ముందు నొప్పి అదేనా చూడండి. చేయి చాచి, అరచేయి నేలవైపు ఉంచి, మణికట్టు పైకి ఎత్తుతూ రెండో చేత్తో కిందికి నొక్కండి. మోచేతి బయటి గుబ్బ దగ్గర చురుక్కుమంటే చాలావరకు అదే. వేళ్లు తిమ్మిరెక్కినా, మెడ తిప్పితే చేతిలోకి నొప్పి దిగినా, మోచేయి పూర్తిగా చాచలేకపోయినా, వాచి వేడిగా ఉన్నా, కింద పడ్డాక మొదలైనా ఇంట్లో ప్రయోగాలు వద్దు, డాక్టరుకు చూపించండి.

కొలవాల్సింది నొప్పి లేకుండా ఎంత పిడికిలి బిగించగలరన్నది. క్లినిక్కులో దీనికి డైనమోమీటరు ఉంటుంది. ఇంట్లో ముల్లు తిరిగే బీపీ మిషను చాలు, డిజిటల్‌ది పనికిరాదు. చేతికి కట్టే గుడ్డను చుట్టగా చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ముల్లు 20 దగ్గరికి వచ్చేదాకా గాలి కొట్టి వాల్వు బిగించండి. నిలబడి, చేయి చాచి, అరచేయి కిందికి ఉంచి మెల్లగా పిండండి. నొప్పి మొదలవగానే ఆపి, ఆ అంకె రాసుకోండి. నిమిషం విరామంతో 3 సార్లు చేసి సగటు తీయండి. బాగున్న చేత్తో ముందు చేస్తే పద్ధతి చేతికి అలవాటవుతుంది. పంటి బిగువున ఓర్చుకుని గట్టిగా పిండడం మామూలుగా జరిగే తప్పు. అలా వచ్చే అంకె మీ మొండితనాన్ని కొలుస్తుంది, జబ్బును కాదు. రెండు వారాలకోసారి, ఒకే వేళకు చూడండి. బట్టలు పిండిన రోజున వద్దు.

వ్యాయామానికి అర లీటరు నీళ్ల సీసా తీసుకోండి. ముంజేతిని బల్లమీద ఆనించి, మణికట్టు బల్ల అంచు దాటేలా, అరచేయి కిందికి ఉంచండి. మొదటి వారం మణికట్టును వంచకుండా తిన్నగా ఉంచి, సీసాను కదపకుండా 30 సెకన్లు పట్టుకోవాలి. రోజూ 5 సార్లు, మధ్యలో 2 నిమిషాలు ఆగుతూ. రెండో వారం నుంచి రెండో చేత్తో మణికట్టును పైకి లేపి, నొప్పి ఉన్న చేత్తో మాత్రమే 4 లెక్కపెడుతూ దించండి. 15 చొప్పున 3 విడతలు, రోజు విడిచి రోజు. సులువనిపించాక లీటరు సీసాకు మారండి. చేస్తున్నప్పుడు పదికి మూడు వరకు నొప్పి ఫరవాలేదు, తెల్లారేసరికి మామూలు స్థాయికి రావాలి. రాకపోతే బరువు సగానికి తగ్గించండి కానీ పూర్తిగా మానకండి. వాడకపోతే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) ఇంకా బలహీనపడుతుంది.

బరువులు ఎత్తేటప్పుడు అరచేయి పైకి ఉండేలా పట్టుకోండి. బిందెకైనా, లాప్‌టాప్ సంచికైనా ఇదే లెక్క.

వ్యాయామం మొదలుపెట్టిన తొలి 6 వారాల్లో కొత్త మాత్ర, పట్టీ, మసాజు మొదలుపెట్టకండి. పెడితే ఏది పనిచేసిందో తేలదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి మాత్రం గట్టిగా ఆలోచించండి. 2013లో 165 మందిపై జరిగిన పరీక్షలో, ఏడాదిలోపు నొప్పి తిరగబెట్టింది ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 54 శాతానికి, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 12 శాతానికి.

ఆరో వారానికి పిడికిలి అంకె పెరగకపోతే ఆ నోటుపుస్తకం పట్టుకుని ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి. బరువులూ, తేదీలూ, మర్నాటి నొప్పీ అందులో ఉంటే, మోతాదు చాలలేదా, నొప్పి మెడ నుంచో నరం నుంచో వస్తోందా అన్నది వాళ్లు త్వరగా పట్టగలరు.