చమురు పైపులో తుప్పు: లక్షణాన్ని బట్టి ఉక్కులో కారణం వెతకడం

హైదరాబాదులో బాలానగర్, జీడిమెట్ల వంటి చోట్ల పరీక్షకు వచ్చే పైపు ముక్క వెంట తరచుగా గ్రేడు వివరం ఒక్కటే ఉంటుంది. ఎక్స్‌-52 అనే గ్రేడులోని అంకె ఆ ఉక్కుకు ఉండవలసిన కనీస ఈల్డ్ బలాన్ని (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడిని), అంటే చదరపు అంగుళానికి 52,000 పౌండ్లను, తెలుపుతుందే గాని పెర్లైట్ (ఫెర్రైట్ అనే మెత్తని ఇనుము, సిమెంటైట్ అనే ఐరన్ కార్బైడ్ పలకలు పొరలుగా అమరిన భాగం) ఏ తీరున పరుచుకుందో చెప్పదు. ముక్కను వైర్ బ్రష్‌తో రుద్దకుండా తీసుకురావాలి. పైనున్న పొర కూడా సాక్ష్యమే.

పైపు అడుగున నల్లని పొర, దాని కింద గుంటలు

అడుగున నిలిచిన నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఆమ్లమవుతుంది. పొర మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసినప్పుడు వాసన లేకుండా బుడగలు వస్తే అది కార్బొనేట్ అనుకోవచ్చు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే సల్ఫైడ్. ఆ వాయువు విషం కనుక ఈ పని వాయువులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. ఫెర్రైట్ కరిగిపోగా మిగిలిన సిమెంటైట్ పలకలు కాథోడ్‌గా పనిచేసి పక్కనున్న ఇనుమును మరింత వేగంగా తినిపిస్తాయి. అయితే అవే పలకలు కొన్ని పరిస్థితుల్లో ఐరన్ కార్బొనేట్ పొరను గట్టిగా పట్టి ఉంచి ఉక్కును కాపాడతాయి కాబట్టి, పెర్లైట్ ఉందన్నంత మాత్రాన ఉక్కును తప్పుపట్టడం తొందరపాటు. ముందుగా పిగ్గింగ్‌తో (పైపు లోపల తుడిచే పరికరాన్ని నడిపి) నీటిని తొలగించి, తుప్పును అడ్డుకునే రసాయనమైన ఇన్‌హిబిటర్ మోతాదును సరిచూడాలి. కొత్త పైపు కొనేటప్పుడైతే 1 నుంచి 3 శాతం క్రోమియం ఉన్న ఉక్కును పరిశీలించవచ్చు.

గోడలో బొబ్బలు, మెట్లలాంటి పగుళ్ళు

ఇది హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న ముడిచమురు పైపుల జబ్బు. పాలిష్ చేసిన ముక్కను, ఆమ్లంతో ఉపరితలాన్ని కొద్దిగా కరిగించే ఎచింగ్‌కు ముందే సూక్ష్మదర్శినిలో చూస్తే, రోలింగ్ దిశలో సాగిన బూడిదరంగు మాంగనీస్ సల్ఫైడ్ గీతలు కనిపిస్తాయి. తర్వాత 2 శాతం నైటాల్ (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లం) రాస్తే పెర్లైట్ పట్టీలు బయటపడతాయి. తుప్పు చర్యలో పుట్టిన హైడ్రోజన్ ఈ గీతల దగ్గర చేరి పగులగొడుతుంది. వాడుకలో ఉన్న పైపుకు ఉక్కుపరంగా మందు లేదు. ఒత్తిడి తగ్గించి, అల్ట్రాసోనిక్ పరీక్షతో హద్దులు గుర్తించి, ఆ భాగాన్ని మార్చాలి. కొత్త పైపుకు గంధకం 0.002 శాతానికి మించకుండా, కాల్షియం శుద్ధితో (కరిగిన ఉక్కులో కాల్షియం కలిపి సల్ఫైడ్లను గుండ్రంగా మార్చడంతో) చేసిన ఉక్కునే కోరి, 96 గంటల హైడ్రోజన్ పగుళ్ళ పరీక్ష నివేదిక అడగాలి. మాంగనీస్, భాస్వరం పోగయ్యేది గోడ నడిమందంలోనే కనుక నమూనాలో ఆ భాగం తప్పక ఉండాలి.

వెల్డు వెంబడి సన్నని గాడి

ఈఆర్‌డబ్ల్యూ (విద్యుత్తుతో వేడిచేసి అంచులు అతికిన) పైపులో సీము, అంటే అతుకు, వేడెక్కి చప్పున చల్లారినప్పుడు సల్ఫైడ్ల స్వరూపం మారి, అక్కడి ఉక్కు ఆనోడ్‌గా (చుట్టుపక్కల కన్నా ముందుగా కరిగిపోయే భాగంగా) మారుతుంది. తక్కువ గంధకం, సీముకు సరైన నార్మలైజింగ్ (మళ్ళీ వేడిచేసి గాలిలో చల్లార్చడం) దీనికి విరుగుడు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న లైనులో వెల్డు పక్కన పగులు కనిపిస్తే కాఠిన్యం కొలవాలి. సాధారణంగా 250 విక్కర్స్ దాటితే వెల్డింగ్ విధానాన్నే మార్చాలి.